బ్యాంకాక్‌లో మూడు రాత్రులు, తీరంలో నాలుగు: వీపు సంచులతో తొలిసారి బయలుదేరే దంపతులకు

హైదరాబాద్ నుంచి ఆగ్నేయాసియాకు వీపు సంచులతో తొలిసారి వెళ్లాలనుకునే దంపతులు నాకు చూపించే ప్రణాళికలు చాలావరకు ఒకే తీరున ఉంటాయి: పది రోజుల సెలవు, నాలుగు దేశాలు, ఆరు ఊళ్లు. కాగితం మీద అది డబ్బుకు తగిన ప్రయాణంలాగే కనిపిస్తుంది. కానీ ఊరు మారిన ప్రతిసారీ గది ఖాళీ చేయడం, స్టేషనుకో రేవుకో చేరడం, అక్కడ ఎదురుచూడడం, కొత్త ఊళ్లో గది వెతుక్కోవడం కలిసి పూటన్నర తినేస్తాయి. ఆరు ఊళ్లంటే పది రోజుల్లో సగానికి సగం బస్టాండ్లలోనే గడిచిపోతుందన్నమాట. అందుకని మొదటి వారానికి ఒక నగరం, ఒక తీరం చాలునని నేను అందరికీ చెబుతాను. ఆ నగరం బ్యాంకాక్ అయితే మరీ మంచిది. శంషాబాద్ నుంచి నేరుగా విమానాలు ఉన్నాయి, ప్రయాణం సుమారు మూడున్నర గంటలే, అక్కడి గడియారం మనకంటే గంటన్నర మాత్రమే ముందు. ఆ తరువాత మలేసియాకు దిగినా, వియత్నాం వైపు మళ్లినా, ఈ ఏడు రోజుల్లో అలవడిన పద్ధతులు అక్కడా పనికివస్తాయి.

మేమిద్దరం మొదటిసారి వెళ్లినప్పుడు రెండో రోజు మధ్యాహ్నం నడిరోడ్డు మీద నిలబడి, ఎక్కడ తినాలన్న విషయం మీద అరగంట వాదించుకున్నాం. ముందు రాత్రి విమానంలో నిద్ర లేదు, ఎండ మండిపోతోంది, పొద్దున్నుంచి ఇద్దరం కలిసి అప్పటికే పది పన్నెండు చిన్న నిర్ణయాలు తీసుకుని అలసిపోయి ఉన్నాం. తరువాత ఎంతోమంది జంటలతో మాట్లాడినప్పుడు వాళ్ల తొలిరోజుల కష్టాలకు కూడా మూలం అలసటలో తీసుకున్న నిర్ణయాలేనని అర్థమైంది. కాబట్టి హైదరాబాద్‌లో తేల్చుకోగలిగినవన్నీ ఇక్కడే తేల్చుకుని, అక్కడ తేల్చుకోవలసినవాటిని రోజుకు ఒకటి రెండింటికి తగ్గించుకోవాలి. ఈ వ్యాసం అంతా ఆ పద్ధతి గురించే.

ముందు నెల, తరువాత తీరం

టికెట్ కొనకముందే చూసుకోవలసినది వాన. థాయ్‌లాండ్‌కు రెండు సముద్రాలు ఉన్నాయి, వాటి వానాకాలాలు వేరు. పడమర వైపు అండమాన్ సముద్రం మీద ఉన్న క్రబీ, ఫుకెట్, ఫీఫీ దీవులకు మే నుంచి అక్టోబరు వరకు నైరుతి గాలులు వానలను, పెద్ద అలలను తెస్తాయి. తూర్పు వైపు థాయ్ సింధుశాఖలోని కో సముయ్, కో ఫంగన్, కో తావ్ దీవులకు గట్టి వానలు అక్టోబరు నుంచి డిసెంబరు మధ్యలో పడతాయి. వాటిలో నవంబరు మరీ తడి నెల.

దీన్ని మన సెలవులతో కలిపి చూస్తే దారి తేలిక అవుతుంది. సంక్రాంతికి వెళ్లేవారు నిస్సందేహంగా క్రబీ వైపు వెళ్లవచ్చు, ఆ రోజుల్లో అండమాన్ తీరం నిర్మలంగా ఉంటుంది. పిల్లల బడులకు వేసవి సెలవులు ఉన్నాయని, ఆఫీసులో సెలవు దొరికిందని మే నెలాఖరులోనో జూలైలోనో వెళ్లేవారు తూర్పు దీవులను ఎంచుకోవాలి. దసరా సెలవులు కాస్త చిక్కైనవి, ఎందుకంటే అప్పటికి పడమట వాన పూర్తిగా వెనక్కి పోదు, తూర్పున మొదలవుతూ ఉంటుంది. దసరాకే వెళ్లక తప్పదంటే తీరానికి రెండు రాత్రులు తగ్గించి బ్యాంకాక్‌కు, దాని దగ్గరి పాత రాజధాని అయుత్థయకు కలపడం నా దృష్టిలో సరైన పని. ఏప్రిల్ 13 నుంచి 15 వరకు సోంగ్‌క్రాన్, అంటే వాళ్ల కొత్త సంవత్సరం. వీధుల్లో నీళ్లు చల్లుకునే ఆ పండుగ చూడవలసినదే కాని, దేశమంతా సొంతూళ్లకు ప్రయాణమవుతుంది కనుక రైలు, బస్సు టికెట్లు చాలా ముందుగా కొనుక్కోవాలి. మనకు సంక్రాంతి ముందు విజయవాడ బస్సులు ఎలా ఉంటాయో ఊహించుకుంటే చాలు.

కాగితాలు, డబ్బు

పాస్‌పోర్టుకు ప్రయాణం నాటికి కనీసం ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి. తెలుగువారికి ప్రత్యేకంగా చెప్పవలసిన సంగతి ఇంటిపేరు. చాలామందికి బ్యాంకు కాగితాల్లో పొడి అక్షరాలు ఉంటాయి, పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, మరికొందరికి ఇంటిపేరు గడి ఖాళీగానే ఉంటుంది. విమాన టికెట్ మీద పేరు పాస్‌పోర్టులో ఏ గడిలో ఎలా ఉందో అలాగే ఉండాలి. పెళ్లయ్యాక భార్య ఇంటిపేరు మార్చుకోకపోతే పాస్‌పోర్టులో ఉన్న పుట్టింటి పేరుతోనే టికెట్ కొనాలి. పేర్లు కలవనంత మాత్రాన అక్కడ గది లేదనే వారు ఎవరూ ఉండరు, పెళ్లి ధ్రువపత్రం అడగరు, ఇద్దరి పాస్‌పోర్టులు చూపిస్తే సరిపోతుంది.

థాయ్‌లాండ్ 2024 జూలైలో భారతీయ పర్యాటకులకు వీసా లేకుండా 60 రోజులు ఉండే అనుమతి ఇచ్చింది. ఇటువంటి అనుమతులు ప్రభుత్వ నిర్ణయంతో మారుతుంటాయి కనుక టికెట్ కొనే రోజునే థాయ్ రాయబార కార్యాలయం వెబ్‌సైటులో సరిచూసుకోవాలి. 2025 మే 1 నుంచి అక్కడ దిగే ప్రతి విదేశీయుడూ డిజిటల్ అరైవల్ కార్డు నింపాలన్న నియమం వచ్చింది. దిగడానికి ముందు మూడు రోజుల్లో దాన్ని ఆన్‌లైనులో నింపాలి, దానికి రుసుము లేదు. అదే పేరుతో డబ్బు అడిగే వెబ్‌సైటు కనిపిస్తే అది ప్రభుత్వానిది కాదని తెలుసుకోవాలి. మొదటి గది చిరునామా, తిరుగు టికెట్ అచ్చు వేసి చేతిలో ఉంచుకోండి, శంషాబాద్‌లోనే వాటిని అడగవచ్చు. మలేసియా కూడా 2023 డిసెంబరు నుంచి మనవారికి 30 రోజులు వీసా లేని ప్రవేశం ఇస్తోంది. సింగపూర్‌కు మాత్రం వీసా ముందే తీసుకోవాలి. రెండు గంటల విమానమే కదా అని దారిలో సింగపూర్ కలుపుకోవాలనుకునేవారు ఈ సంగతి మరచిపోతారు.

డబ్బు విషయంలో ఇద్దరికీ విడివిడిగా ఏర్పాటు ఉండాలని నేను గట్టిగా పట్టుబడతాను. మన ఇళ్లలో కార్డులన్నీ భర్త పర్సులో, పాస్‌పోర్టులన్నీ భార్య సంచిలో పెట్టుకునే అలవాటు ఉంది. ఆ పర్సు పోయినా, ఆ సంచి పోయినా ఇద్దరూ ఒకేసారి చిక్కుకుపోతారు. ఎవరి పాస్‌పోర్టు వారి దగ్గర, ఎవరి కార్డు వారి దగ్గర ఉండాలి, ఆ రెండు కార్డులు వేర్వేరు బ్యాంకులవి అయితే ఇంకా మంచిది. బయలుదేరే ముందు బ్యాంకు యాప్‌లో అంతర్జాతీయ వాడకాన్ని మీరే ఆన్ చేయాలి, ఎందుకంటే మన కార్డులకు అది మొదటి నుంచీ ఆపి ఉంటుంది. ఓటీపీలు మీ హైదరాబాద్ నంబరుకే వస్తాయి కనుక ఆ సిమ్‌కు రోమింగ్ పని చేసేలా చూసుకుని, ఫోనులోంచి తీయకుండా ఉంచండి. ట్యాక్సీల కోసం అక్కడ వాడే గ్రాబ్ యాప్‌ను కూడా ఇంటి దగ్గరే ఫోనులో వేసుకుని, నంబరు సరిచూసుకుని వెళ్లాలి.

థాయ్ ఏటీఎంలు విదేశీ కార్డు మీద డబ్బు తీసిన ప్రతిసారీ 220 బాట్లు, కొన్నిచోట్ల అంతకంటే ఎక్కువ రుసుము తీసుకుంటాయి. కాబట్టి కొంచెం కొంచెంగా నాలుగుసార్లు తీయడం నష్టం. ఏటీఎం తెర మీద రూపాయల్లో లెక్క కట్టమంటారా అని అడిగితే వద్దని చెప్పి బాట్లలోనే తీసుకోవాలి, రూపాయలు ఎంచుకుంటే వారు వేసే మారకపు ధర మీకు ఎప్పుడూ నష్టమే. మొదటి రోజుల ఖర్చుకు అబిడ్స్, బషీర్‌బాగ్ వైపు ఉన్న అనుమతి గల మారకం దుకాణాల్లో కొన్ని వంద డాలర్ల నోట్లు మడత పడనివి తీసుకుని, బ్యాంకాక్‌లో మార్చుకోవడం నాకు లాభసాటిగా కనిపించింది. సువర్ణభూమి విమానాశ్రయంలో సామాను తీసుకునే అంతస్తులోని కౌంటర్లను దాటి, రైలు స్టేషను ఉన్న అడుగు అంతస్తుకు దిగితే అక్కడ మెరుగైన ధర ఇచ్చే దుకాణాలు వరుసగా ఉంటాయి. ధరలను మనసులో రూపాయల్లోకి మార్చుకోవడానికి బాట్లను మూడుతో గుణించండి. అసలు ధర కొంచెం తక్కువే ఉంటుంది కనుక లెక్క తప్పినా మీ వైపు మిగులుతుంది.

సంచి

ఒక్కొక్కరికి నలభై లీటర్ల సంచి చాలు. ఆ ప్రాంతంలోని చవక విమానాల్లో చేతి సామాను మొత్తం ఏడు కిలోలకు మించకూడదు, కౌంటరు దగ్గర తూకం కూడా వేస్తారు. నాలుగు జతల బట్టలు తీసుకెళ్లండి, ప్రతి వీధిలోనూ కిలో లెక్కన ఉతికి ఇచ్చే చోట్లు ఉంటాయి. గుడులకు వెళ్లడానికి భుజాలు, మోకాళ్లు కప్పే పలుచని నూలు బట్టలు ఇద్దరికీ కావాలి, వాటి కోసం ప్రత్యేకంగా కొననవసరం లేదు, మన సల్వార్ కమీజు, పొడుగు ప్యాంటు సరిపోతాయి. రెండు గుండ్రని పిన్నులున్న మన ఛార్జర్లు అక్కడి ప్లగ్గుల్లో పట్టేస్తాయి. ఓఆర్ఎస్ పొట్లాలు, రోజూ వాడే మందులు చీటీతో సహా, దోమల మందు తప్పనిసరి. ఈ-సిగరెట్ వాడేవారు దాన్ని ఇంట్లోనే వదిలేయాలి, థాయ్‌లాండ్‌లో అది నిషిద్ధం.

పచ్చళ్ల గురించి అందరూ అడుగుతారు. ఆవకాయ, గోంగూర వంటి నూనె ఓడే పచ్చళ్లను చేతి సామానులో అనుమతించరు, చెకిన్ సంచిలో పెట్టుకోవాలంటే సంచికి విడిగా డబ్బు కట్టాలి, మూత ఊడితే వారం బట్టలన్నీ పోతాయి. నా అనుభవంలో కందిపొడి, కరివేపాకు పొడి, నువ్వుల పొడి చిన్న పొట్లాలుగా కట్టి తీసుకెళ్లడమే మేలు. అక్కడ వేడి అన్నం ఎక్కడైనా దొరుకుతుంది, పొడి కలుపుకుంటే ఒక పూట గడిచిపోతుంది. అత్తగారు ప్రేమతో కట్టిచ్చిన ఎండు కొబ్బరి ముక్కలను మాత్రం ఇంట్లోనే ఉంచండి, నూనె గలది కనుక విమానంలో దానికి అభ్యంతరం చెబుతారు.

సంచి సర్దాక ఒక పరీక్ష చేసి చూడండి. బయలుదేరడానికి రెండు వారాల ముందు ఒక ఆదివారం ఉదయం ఇద్దరూ నిండు సంచులతో గోల్కొండ కోటకు వెళ్లి బాలాహిసార్ దాకా ఎక్కండి. సుమారు 360 మెట్లు. ఎక్కి దిగాక భుజాలు ఎక్కడ నొప్పి పెడుతున్నాయో, ఏ చెప్పులు కోస్తున్నాయో, సంచిలో ఏది అనవసరమో మీకే తెలుస్తుంది. మేము ఆ రోజు ఇంటికి వచ్చి ఒక్కొక్కరి సంచిలోంచి రెండేసి కిలోలు తీసేశాం. ఇద్దరిలో ఎవరు ముందు అలసిపోతారో, అలసినప్పుడు ఎవరు మౌనంగా ఉండిపోతారో కూడా ఆ మెట్ల మీదే తెలిసిపోతుంది. ప్రయాణంలో అది ఎంతో ఉపయోగపడే సమాచారం.

మొదటి రోజు ఏ పనీ పెట్టుకోవద్దు

శంషాబాద్ నుంచి బ్యాంకాక్ విమానాలు చాలావరకు రాత్రి పొద్దుపోయాక బయలుదేరి తెల్లవారుజామున దింపుతాయి. పుష్పక్ బస్సులో రాత్రి పదింటికి విమానాశ్రయం చేరిన మీరు మరునాడు ఉదయం ఆరు గంటలకు, రెండు గంటలైనా సరిగ్గా నిద్ర లేకుండా పరాయి నగరంలో ఉంటారు. గది మాత్రం మధ్యాహ్నం రెండు గంటలకు గాని ఇవ్వరు. ఆ ఎనిమిది గంటల్లోనే తొలి గొడవ పుడుతుంది. దీనికి ముందే డబ్బు పెట్టి పరిష్కారం కొనండి: ముందు రాత్రికి కూడా గది తీసుకుని, ఉదయం ఏడింటికి వస్తామని గెస్ట్‌హౌస్‌కు రాసి, జవాబు తెప్పించుకోండి. వారం మొత్తం ఖర్చులో అది చిన్న భాగం. దానితో వచ్చే నాలుగు గంటల నిద్ర మిగిలిన రోజుల తీరునే మార్చేస్తుంది.

సువర్ణభూమి నుంచి నగరానికి ఎయిర్‌పోర్ట్ రైల్ లింక్ ఉంది. చివరి స్టేషను ఫయా థాయ్ దాకా అరగంటలోపే చేరుస్తుంది, టికెట్ యాభై బాట్లలోపే. అక్కడ బీటీఎస్ అనే నగర రైలుకు మారవచ్చు. మీ గది ఖావోసాన్ రోడ్డు, బాంగ్లంఫూ వైపు పాతనగరంలో ఉంటే అక్కడికి రైలు లేదు, విమానాశ్రయం నుంచి నేరుగా వెళ్లే ఎస్1 బస్సు చవకైనది. ట్యాక్సీ ఎక్కేవారు విమానాశ్రయం వరుసలోనే ఎక్కాలి. మీటరు మీద యాభై బాట్ల విమానాశ్రయ రుసుము, ఎక్స్‌ప్రెస్ దారి టోలు అదనంగా ఉంటాయని ముందే తెలిసి ఉంటే డ్రైవరు మోసం చేస్తున్నాడేమోనన్న అనుమానం రాదు. మీటరు వేయనంటే మర్యాదగా దిగి మరొకటి ఎక్కండి. చవక విమానాలు కొన్ని డాన్ మువాంగ్ విమానాశ్రయంలో దిగుతాయి. మీది ఏ విమానాశ్రయమో టికెట్ మీద చూసుకోండి, రెండూ నగరానికి చెరో దిక్కున ఉన్నాయి.

గది ఎక్కడ తీసుకోవాలంటే, ఖావోసాన్ రోడ్డు మీద వద్దు, రాత్రి రెండింటి దాకా పాటల హోరు ఆగదు. దాని పక్కనే ఉన్న రాంబుత్రి సందుల్లోనో, ఫ్రా ఆథిట్ రేవు దగ్గరో తీసుకుంటే నది నడిచి వెళ్లే దూరంలో ఉంటుంది, నిద్రా పడుతుంది. హాస్టళ్లలో కూడా ఇద్దరికి విడిగా గదులు ఉంటాయి. డార్మిటరీ చవకే అయినా మొదటి మూడు రాత్రులకు మాత్రం తలుపు వేసుకునే గది ఉండాలి.

ఆ రోజు సాయంత్రం వరకు నిద్ర, స్నానం, దగ్గరలో భోజనం, ఫోనుకు సిమ్. ఎండ తగ్గాక రేవుకు వెళ్లి నారింజ జెండా ఉన్న చావో ఫ్రాయా ఎక్స్‌ప్రెస్ పడవ ఎక్కండి. ఇరవై బాట్లలోపు టికెట్‌తో సాథోర్న్ రేవు దాకా నగరం మొత్తం ఒడ్డు వెంట కదులుతుంది. దారిలో ఎడమ వైపు రాజభవనం బంగారు శిఖరాలు, కుడి వైపు వాట్ అరుణ్ గుడి కనిపిస్తాయి. ఊరు ఎలా పరుచుకుని ఉందో కళ్లకు తెలిశాక మరునాడు దారి వెతుక్కోవడం సులువు.

రెండో రోజు: రామాయణం గోడల మీద

రాజభవనానికి ఉదయం ఎనిమిదిన్నరకు, తలుపులు తెరిచే వేళకే చేరుకోండి. టికెట్ ఒక్కొక్కరికి 500 బాట్లు, ఇద్దరికీ కలిపి మన లెక్కలో మూడు వేలకు దగ్గరగా అవుతుంది. వీపు సంచుల ప్రయాణంలో ఇది పెద్ద ఖర్చే అయినా, తెలుగువారు తప్పక పెట్టవలసిన ఖర్చని నా అభిప్రాయం. దారిలో మంచి బట్టలు వేసుకున్న ఒక పెద్దమనిషి ఎదురై, ఈ రోజు భవనం మూసి ఉందని, పూజలు జరుగుతున్నాయని, తక్కువ ధరకే తుక్‌తుక్‌లో, అంటే అక్కడి ఆటోలో, వేరే గుడులు చూపిస్తానని చెప్పవచ్చు. అతని మాట వినకండి. ఆ బండి చివరికి రత్నాల దుకాణం ముందో, దర్జీ కొట్టు ముందో ఆగుతుంది. భవనం తెరిచి ఉందో లేదో గేటు దగ్గర టికెట్ ఇచ్చేవారే చెప్పాలి.

లోపల అందరూ మరకత బుద్ధుడి మందిరం వైపు పరుగెత్తుతారు. మీరు ముందు దాని చుట్టూ ఉన్న వసారాలోకి వెళ్లండి. అక్కడ గోడల పొడుగునా 178 చిత్రాల్లో రామకియెన్, అంటే థాయ్ రామాయణం, వరుసగా చిత్రించి ఉంది. 1782లో బ్యాంకాక్‌ను రాజధాని చేసిన మొదటి రాముడనే రాజు కాలంలోనే ఆ కథకు నేడున్న రూపం వచ్చింది, ఆ వంశపు రాజులను ఈనాటికీ రాముడనే పేరుతో, వరుస సంఖ్యతో పిలుస్తారు. రావణుడు అక్కడ తోసకన్, అంటే దశకంఠుడు. మనకు బ్రహ్మచారి అయిన హనుమంతుడు ఆ కథలో వారధి కట్టే సమయంలో రావణుని కూతురైన సువన్నమచ్ఛ అనే మత్స్యకన్యను ప్రేమిస్తాడు. సువర్ణ మత్స్యమన్న మాటే అలా మారింది. చిన్నప్పుడు భద్రాచలం కల్యాణం రేడియోలో విన్న నా భార్య ఆ చిత్రం ముందు పావుగంట కదలకుండా నిలబడింది. ఉదయం తొమ్మిది దాటితే బృందాలు వచ్చి ఆ వసారాలో నిలబడే చోటు ఉండదు, అందుకే ముందు అక్కడికి వెళ్లమన్నాను.

అక్కడి నుంచి నడిచి వెళ్లే దూరంలో వాట్ ఫో ఉంది, పవళించిన బుద్ధ విగ్రహం 46 మీటర్ల పొడవు. ఆ పక్కనే ఉన్న థా తియెన్ రేవు నుంచి నది దాటే చిన్న పడవ వాట్ అరుణ్‌కు చేరుస్తుంది. అరుణ్ అంటే సూర్యుని సారథి అయిన అరుణుడే. కానీ మూడింటినీ ఒకే పూటలో చూడాలని పట్టుబట్టవద్దు. పదకొండున్నర దాటాక ఎండ, తేమ కలిసి మన ఏప్రిల్ మధ్యాహ్నాన్ని తలపిస్తాయి. గదికి వెళ్లి పడుకుని, నాలుగున్నరకు మళ్లీ బయలుదేరడమే అక్కడి రోజుకు సరైన పద్ధతి. గుడుల్లో బుద్ధుని వైపు పాదాలు చాపకూడదు, ఎవరి తలా తాకకూడదు, స్త్రీలు భిక్షువులను తాకకూడదు. ఉదయం ఎనిమిదికి, సాయంత్రం ఆరుకు బహిరంగ ప్రదేశాల్లో జాతీయగీతం వినిపిస్తుంది, చుట్టూ ఉన్నవారు ఆగితే మీరూ ఆగండి. రాజవంశం గురించి ఏ వ్యాఖ్యా చేయకండి, అక్కడి చట్టం కఠినమైనది.

తిండి

శాకాహారులు తెలుసుకోవలసిన మొదటి మాట "జే". పసుపు రంగు మీద ఎర్రని థాయ్ అక్షరం ఉన్న చిన్న జెండా కనిపిస్తే ఆ కొట్లో మాంసం, చేప, గుడ్డు, పాలు ఏవీ ఉండవు, ఉల్లి వెల్లుల్లి కూడా ఉండవు. ఏకాదశి ఉపవాసాలు ఉండేవారికి కూడా అది నమ్మదగిన చోటు. జెండా లేని చోట కూరగాయల అన్నం అడిగినా అందులో నామ్ ప్లా అనే చేపల రసమో, కపి అనే రొయ్యల ముద్దో పడే అవకాశం ఉంది, వండేవారి దృష్టిలో అది మాంసం కాదు, మనకు ఉప్పు లాంటిది. "మాయ్ సాయ్ నామ్ ప్లా" అంటే చేపల రసం వేయవద్దని అర్థం. వాక్యం చివర పురుషులు "ఖ్రప్" అని, స్త్రీలు "ఖా" అని కలిపితే మర్యాదగా ఉంటుంది. ఈ మాటలను థాయ్ లిపిలో ఒక చీటీ మీద రాయించుకుని ఇద్దరి ఫోన్లలోనూ పెట్టుకుంటే ప్రతి కొట్టు ముందూ వివరించే శ్రమ తప్పుతుంది.

మాంసాహారులకు ఇబ్బంది లేదు, కానీ గొడ్డు మాంసం, పంది మాంసం తినని వారు వాటి పేర్లు ("న్యుయా", "మూ") గుర్తుపెట్టుకోవాలి. కారం గురించి మనవారికి ధీమా ఎక్కువ. గుంటూరు కారం తిన్నవాళ్లం కదా అని పచ్చి బొప్పాయి సోమ్ తామ్‌ను పూర్తి కారంతో అడిగితే, వాళ్ల చిన్న పచ్చిమిరప మంట వేరేగా ఉంటుందని మొదటి ముద్దలోనే తెలుస్తుంది. ఎండురొయ్యలు కూడా అందులో ఉంటాయి. మామిడిపండు, కొబ్బరి పాలతో తినే జిగురన్నం, ఖావ్ నియావ్ మాముయాంగ్, మనవారందరికీ నచ్చుతుంది. మూడో రోజుకు పప్పుచారు మీద మనసు పోతే పాహురత్ వైపు వెళ్లండి, అది బ్యాంకాక్‌లోని పాత భారతీయ వీధి, గురుద్వారా దగ్గర రోటీ, కూర దొరుకుతాయి. కుళాయి నీళ్లు తాగవద్దు, సీసా నీళ్లు అడుగడుగునా దొరుకుతాయి.

ఎక్కడ తినాలన్న వాదనకు మేము చేసుకున్న ఏర్పాటు చెబుతాను. సరి తేదీల్లో ఒకరు, బేసి తేదీల్లో మరొకరు నిర్ణయిస్తారు, రెండోవారు ఆ రోజు అభ్యంతరం చెప్పరు. చెప్పడానికి చిన్నదే అయినా ఇది మా ప్రయాణాన్ని కాపాడింది.

సముద్రం దాకా

నాలుగో రోజు తీరానికి. తూర్పు దీవులకు వెళ్లేవారికి రాత్రి రైలునే నేను సిఫారసు చేస్తాను. 2023 జనవరి నుంచి దక్షిణానికి వెళ్లే దూరప్రయాణ రైళ్లు పాత హువా లంఫోంగ్ నుంచి కాక క్రుంగ్ థెప్ అఫివాత్ అనే కొత్త స్టేషను నుంచి బయలుదేరుతున్నాయి, పాత పుస్తకాలు చూసి తప్పు స్టేషనుకు వెళ్లకండి. రెండో తరగతి స్లీపర్‌లో సిబ్బంది వచ్చి సీట్లను పడకలుగా మార్చి దుప్పట్లు, తెరలు వేస్తారు. కింది పడక వెడల్పుగా ఉంటుంది, ధర కొంచెం ఎక్కువ. సూరత్ థానీ స్టేషను ఊరికి దూరంగా ఫున్‌ఫిన్ అనే చోట ఉంది. అక్కడి నుంచి డాన్ సాక్ రేవుకు బస్సు, ఆపై ఫెర్రీ. ఈ మూడింటికీ కలిపి ఒకే టికెట్ కొంటే తెల్లవారుజామున బేరాలు తప్పుతాయి. కో తావ్‌కు వెళ్లేవారు ఇంకా ముందే, చుంఫోన్‌లో దిగాలి.

క్రబీకి మాత్రం విమానం మేలు, గంటన్నరలోపే. విమానాశ్రయం నుంచి ఆవో నాంగ్ అనే తీరపు ఊరికి బస్సు ఉంటుంది. అక్కడి నుంచి రైలే అనే పేరున్న తీరానికి పొడుగు తోక పడవలో పావుగంట, ఎందుకంటే సున్నపురాయి కొండలు అడ్డుపడి రైలేకు రోడ్డే లేదు. పడవ నిండాక బయలుదేరుతుంది, ఎక్కేటప్పుడు మోకాళ్ల దాకా నీళ్లలో నడవాలి, కాబట్టి పాస్‌పోర్టులు నీరు చొరని సంచిలో ఉండాలి. రైలేలో గదులు ఖరీదు. ఆవో నాంగ్‌లో ఉండి ఉదయం పడవలో వెళ్లి సాయంత్రం తిరిగి రావడం చవక. ఫీఫీ దగ్గరి మాయా బేను జనం తాకిడికి పగడాలు దెబ్బతిని 2018లో మూసి, 2022 జనవరిలో తిరిగి తెరిచారు. ఇప్పటికీ ప్రతి ఏడాది ఆగస్టు, సెప్టెంబరుల్లో మూసి ఉంచుతారు.

హైదరాబాద్‌లో పెరిగిన చాలామందికి ఈత రాదు. సముద్రం మనకు వందల కిలోమీటర్ల దూరం, చెరువుల్లో ఈత నేర్చుకునే రోజులు పోయాయి. అందుకని బయలుదేరే ముందు నెల రోజులు ఇద్దరూ దగ్గరలోని ఈతకొలనుకు వెళ్లి, కనీసం వెల్లకిలా తేలడం నేర్చుకోండి. పడవ విహారాల్లో పగడాలు చూడడానికి దిగేటప్పుడు ఈత వచ్చినా లైఫ్ జాకెట్ విప్పవద్దు. ఎర్ర జెండా ఉన్న రోజు నీళ్లలో దిగవద్దు, నీరు ఎంత ప్రశాంతంగా కనిపించినా సరే. అల వెనక్కి లాగుతున్నట్టు అనిపిస్తే ఒడ్డు వైపు ఎదురీదకుండా ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, ఆ లాగుడు దాటాక ఒడ్డుకు తిరగాలి. తూర్పు దీవుల్లో విషపు బాక్స్ జెల్లీచేపలు కనిపించే చోట్లు ఉన్నాయి. కుట్టినచోట రుద్దకూడదు, మంచినీళ్లు పోయకూడదు, కనీసం అర నిమిషం వెనిగర్ పోయాలి. చాలా తీరాల్లో అందుకే కర్రలకు వెనిగర్ సీసాలు కట్టి ఉంచుతారు. దిగేముందు ఆ సీసా ఎక్కడుందో ఇద్దరూ చూసుకోండి. అంబులెన్సుకు 1669, పర్యాటక పోలీసులకు 1155, ఈ రెండు నంబర్లు ఫోనులోనే కాకుండా కాగితం మీద కూడా ఉండాలి.

స్కూటరు అద్దెకు తీసుకోవాలని మీకు తప్పక అనిపిస్తుంది, అక్కడ కూడా బండ్లు ఎడమవైపే నడుస్తాయి. కానీ ద్విచక్ర వాహనానికి చెల్లే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్‌ను ఇక్కడి ఆర్టీఏ నుంచి తీసుకోకుండా నడిపితే, ప్రమాదం జరిగినప్పుడు ప్రయాణ బీమా చెల్లదు. దీవుల రోడ్లు నిటారుగా ఉంటాయి, మలుపుల్లో ఇసుక ఉంటుంది. పర్మిట్ ఉన్నా ఇద్దరికీ హెల్మెట్ ఉండాలి. బండికి హామీగా పాస్‌పోర్టు అడిగే కొట్టును వదిలేసి, నగదు డిపాజిట్ తీసుకునే కొట్టుకు వెళ్లండి, బండి తీసుకునే ముందు పాత గీతలన్నిటినీ ఫొటో తీయండి. మాకు ఒకచోట తిరిగి ఇచ్చేటప్పుడు ముందే ఉన్న గీతకు డబ్బు అడిగారు, ఫొటో చూపించాక ఊరుకున్నారు.

నాలుగు రాత్రుల్లో ఒక మధ్యాహ్నం విడివిడిగా గడపండి. ఒకరు పడవలో వెళితే మరొకరు ఊయలలో పడుకుని చదువుకోవచ్చు. ఇరవై నాలుగు గంటలూ ఒకే గదిలో, ఒకే దారిలో ఉండడం హైదరాబాద్‌లో మనకు అలవాటు లేని పని. ఇక్కడ ఎవరి ఆఫీసు వారికి ఉంటుంది, సాయంత్రం చెప్పుకోవడానికి చెరొక కథ ఉంటుంది. రాత్రి పడుకునే ముందు పది నిమిషాలు కూర్చుని ఆనాటి ఖర్చు రాసుకుని, మరునాడు చేయబోయే ఒక్క పనిని నిర్ణయించుకోండి. ఇంటికి ఫోను చేసే వేళ కూడా ముందే చెప్పి ఉంచండి. అక్కడ రాత్రి తొమ్మిదైతే ఇక్కడ ఏడున్నర, అమ్మానాన్నలు భోజనాలకు కూర్చోబోయే సమయం. రోజూ ఆ వేళకే చేస్తే మధ్యలో ఆందోళనగా వచ్చే ఫోన్లు ఉండవు.

తిరుగు విమానం ఉన్న రోజు ఉదయమే దీవి నుంచి బయలుదేరవచ్చని అనుకోకండి. గాలి ఎక్కువైతే ఫెర్రీలు ఆపేస్తారు, అప్పుడు ఏ టికెట్టూ పనికిరాదు. ఒక రోజు ముందే ప్రధాన భూభాగం చేరి, ఆ చివరి రాత్రి బ్యాంకాక్‌లో విమానాశ్రయానికి దగ్గరగా గది తీసుకోండి. ఆ సాయంత్రానికి నగరం సందుల్లో తిరగడానికి ఇంకా మూడు నాలుగు గంటలు మిగులుతాయి.